చల్లదనం తెగకుండా

ఏప్రిల్ 2

తమ్ముడూ,

నీ కూతురికి సూది ఎగ్గొడుతున్నది నువ్వే. ముందు ఈ మాట రాసేశాను, ఇక క్షేమసమాచారాలు అడుగుతాను. నువ్వు బాగానే ఉంటావు, నీకేం. మరదలికి కుట్టుమిషన్ తొక్కీ తొక్కీ మోకాళ్ళు వాచాయన్నావు, తగ్గాయా?

రక్తంలో చక్కెర విపరీతంగా పెరిగిందని పోయిన ఉత్తరంలో నువ్వే రాశావు. సూది సరిగ్గా పడుతున్న పిల్లకు అలా ఎందుకవుతుంది? నాలుగేళ్ళు అదుపులో ఉన్నది ఈ వేసవిలోనే ఎందుకు చెడింది? నేను డాక్టర్ని కాను, కార్మికుల వారపత్రికలో రాసుకునేదాన్ని. కానీ కారణం లేకుండా ఏదీ జరగదని ఆ పత్రికలో ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నదాన్ని.

నీకు మళ్ళీ చెబుతాను, విను. కడుపులో క్లోమం అని ఒక గ్రంథి ఉంటుంది. తిన్న తిండిలోని చక్కెరను ఒంటికి పట్టించే ఇన్సులిన్ అక్కడ తయారవుతుంది. మన వాగుడుకాయకు ఏడో ఏట ఆ ఫ్యాక్టరీ మూతపడింది. లాకౌట్. ఏ చర్చలు జరిపినా మళ్ళీ తెరవరు. ఆ సరుకును బయటినుంచి సూదితో ఎక్కించాలి, రోజుకు రెండు పూటలా, బతికున్నంతకాలం. నా సంగతి వేరు. నా గొంతులో థైరాయిడ్ పని మానేసింది గానీ, పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకుంటే మనిషిలా నడుస్తున్నాను. ఒకరోజు మరిచిపోతే మర్నాడు కాస్త బద్ధకంగా ఉంటుంది, అంతే. దానికలా కాదు. దానికి సూది అంటే తిండికంటే ముందు తిండి.

నువ్వు కావాలని ఎగ్గొడుతున్నావని అనడం లేదు. జాలిపడి ఎగ్గొడుతున్నావంటున్నాను. నిద్రపోతున్న పిల్లను లేపడమెందుకులే అనే జాలి. ఆడపిల్ల తొడల మీద మచ్చలు పడతాయనే జాలి. ఈ లోకంలో ఆడపిల్లల్ని పగబట్టి చంపినవాళ్ళకంటే జాలిపడి చంపినవాళ్ళే ఎక్కువ. ఈ మాట అచ్చువేస్తే పెద్దమనుషులు మా ఆఫీసుకొచ్చి కేకలేస్తారు. నువ్వూ కేకలెయ్యి. వేశాక సూది వెయ్యి.

ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు కాబట్టి ఉత్తరం.

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

ఫోన్ నేను పెట్టేయలేదు. బల్ల మీద పెట్టి, టీ తాగి వచ్చాను. వచ్చేసరికి నువ్వింకా మాట్లాడుతున్నావు. నేను లేచి వెళ్ళిన సంగతి నీకు తెలియను కూడా తెలియలేదు.

సూది ఒక్క పూట కూడా తప్పలేదు. మీ మరదలు వేస్తుంది, నేను కాళ్ళు పట్టుకుంటాను, పిల్ల కబుర్లు చెబుతుంది. సూది దిగుతున్నా నోరు ఆగదు. మొన్న అడిగింది, "నాన్నా, చేపకు చెమట పడుతుందా" అని. పాతికేళ్ళుగా చేపల కోల్డ్ స్టోరేజీలో ఫోర్‌మన్‌గా ఉన్నాను, ఈ సందేహం నాకెప్పుడూ రాలేదు. రేపు ఒకదాన్ని అడిగి చెబుతానన్నాను.

జాలి అని రాశావు చూడు, దానికి నాకు కోపం వచ్చింది. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను. ఈ వేసవిలో మా వీధిలో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఫ్రిజ్ వట్టి బీరువా అయిపోయింది. మందు వేడెక్కితే పాడవుతుందని, చల్లగా ఉంచమని ఆస్పత్రి మందుల కిటికీలో అమ్మాయి ప్రతి నెలా చెబుతుంది. అందుకని యజమానిని అడిగి, స్టోరేజీలో మా మైనస్ గదిలో ఒక మూల స్టీలు డబ్బా పెట్టుకున్నాను. ఓడ ఎక్కే సరుకుండే గది అది. ఊరంతా చీకటైనా జనరేటర్ మీద నడుస్తుంది. నెలకు సరిపడా సీసాలు ఆ డబ్బాలో ఉంటాయి. వాడే సీసాను మంచుపెట్టెలో పెట్టి ఇంటికి తెస్తాను, అరచేతుల మధ్య పెట్టుకుని నెమ్మదిగా కరిగిస్తాను, పని కాగానే మళ్ళీ మంచులో పెడతాను. చల్లదనం తెగకుండా చూడడం ఒక్కటే నాకు చేతనైన పని. అది పిల్లకు పనికొచ్చిందని లోపల కొంచెం గర్వంగానే ఉంది. నవ్వుకో.

చక్కెర పెరగడానికి కారణం వేరే ఉందంటున్నాడు ఆస్పత్రి డాక్టరు. పిల్ల దొంగచాటుగా తీపి తింటోందట. "ఈ వయసులో అందరూ అంతేనయ్యా, నీ కళ్ళముందు తింటారా ఏమిటి" అన్నాడు. మందు మోతాదు పెంచాడు. పిల్లేమో తినలేదంటోంది. నాకేమీ పాలుపోవడం లేదు.

మీ మరదలి మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నీ ఆరోగ్యం జాగ్రత్త. కాస్త తక్కువ రాయి, వేళ్ళైనా బాగుంటాయి.

తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడూ,

ఉత్తరం నిండా ఐసుగది, డబ్బా, అరచేతులు. మందు ఎక్కడ పెట్టావో నాకెందుకురా? అది పిల్ల ఒంట్లోకి వెళ్తోందా లేదా, ఆ ముక్క చెప్తే చాలు. చెప్పావు. నమ్ముతున్నాను. జాలి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను మాట వెనక్కి తీసుకోవడం మా ఎడిటర్ చూస్తే సెలవు ప్రకటిస్తాడు.

ఇక మీ డాక్టరు గురించి. ఈ డాక్టరు నాకు తెలుసు. అంటే ఆ మనిషి కాదు, ఆ రకం. బాయిలర్ పేలితే కార్మికుడు కునుకు తీశాడంటారు. లారీ బోల్తా పడితే డ్రైవరు తాగాడంటారు. రోగం తగ్గకపోతే రోగి ఏదో తిన్నాడంటారు. యంత్రాన్ని విప్పి చూడడానికి టైం పడుతుంది, మనిషిని తిట్టడానికి పట్టదు. క్యూలో వందమంది ఉన్నప్పుడు తిట్టే వైద్యమే సులువు. అతన్ని ఒక్కణ్ణే అని లాభం లేదు. వందమందికి ఒక్క డాక్టర్ని పెట్టినవాణ్ణి అనాలి. కానీ వాడు ఏసీ గదిలో ఉంటాడు, చేతికి దొరకడు, కాబట్టి ప్రస్తుతానికి ఇతన్నే అంటున్నాను.

అయినా ఒకమాట. పిల్లలన్నాక తింటారు. మాత్ర వేసుకున్నాక అరగంట ఏమీ తాగొద్దని నాకు చెప్పారు. నేను రోజూ టీ తాగుతాను. యాభై దాటినదాన్ని నేనే ఆగలేకపోతే పదకొండేళ్ళది ఏం ఆగుతుంది? కొట్టకు, తిట్టకు. "తిన్నావా" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. నవ్వుతూ, మామూలుగా, "ఏం తిన్నావమ్మా" అని అడుగు. అదే బయటపెడుతుంది. ఇంటర్వ్యూలు చేసేటప్పుడు మేము వాడే కిటుకు ఇది.

దానికి నా ముద్దులు. చేపకు చెమట పడుతుందో లేదో నాకు కూడా చెప్పమను.

అక్క


మే 6

అక్కా,

నీ కిటుకు వాడాను. అన్నం తినేటప్పుడు పక్కన కూర్చుని నవ్వుతూ, "ఏం తిన్నావమ్మా ఇవాళ, బడి దగ్గర?" అన్నాను. చెయ్యి ఆపేసింది. నా మొహంలోకి చూసింది.

"అది నీ మాట కాదు నాన్నా. ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు."

"డాక్టరు చెప్పింది నమ్మావు, ఇప్పుడు ఇంకెవరో చెప్పింది నమ్ముతున్నావు. నేను చెప్పింది ఎప్పుడు నమ్ముతావు?"

చక్కెర డబ్బాకు తాళం వేశాం. మీ మరదలు బడికెళ్ళి టీచరమ్మకు చెప్పి వచ్చింది. టీచరమ్మ పిల్లలందరి ముందు "దీనికి ఎవరూ ఏమీ పెట్టకండి, పెడితే చచ్చిపోతుంది" అని చెప్పిందట. ఇప్పుడు మధ్యాహ్నం దీని పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

బిందెడు నీళ్ళు తాగుతోంది. తాగినవన్నీ వెంటనే పోస్తోంది. గౌను భుజాల మీద నిలవడం లేదు. మోతాదు రెండోసారి కూడా పెంచారు. తొడల మీద చోటు లేక పొట్టకు వేస్తున్నాం.

అక్కా, ఈ ముక్క రాయాలా వద్దా అని ఇంతసేపూ ఆలోచించాను. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పడుకుని ఉంది. లేపుదామని వంగితే నోట్లోంచి వాసన వచ్చింది. బాగా మాగిన పండు వాసన. మా ఇంట్లో పండు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎక్కడిది? ఎవరిచ్చారు?" అన్నాను. "నేను తినలేదు నాన్నా" అంది. ఇంత వాసన వస్తుంటే నా మొహం మీదే అబద్ధమా అని చెంప మీద కొట్టాను. పుట్టి ఇన్నేళ్ళలో దాని మీద చెయ్యి పడడం ఇదే మొదలు.

ఏడవలేదు. గోడ వైపు తిరిగింది. అప్పటినుంచి మాట్లాడడం లేదు. సూది వేస్తున్నప్పుడు కూడా. వాగుడుకాయ నోరు మూసుకుంటే ఇల్లు ఎలా ఉంటుందో నువ్వు ఊహించలేవు.

ఇవాళ పొద్దున డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పండు సంగతి చెప్పాను. దాని చికిత్స కార్డు మీద ఎర్ర సిరాతో రాశాడు: "దొంగచాటుగా తింటోంది." అది చదువుకుంది. చదువొచ్చిన పిల్ల కదా.

నీ కిటుకులు ఇక నాకు రాయకు.

తమ్ముడు


మే 12

తమ్ముడూ,

కొట్టావా? ఏడవని పిల్లను కొట్టావా? దీని గురించి నీతో ఎదురుగా కూర్చుని మాట్లాడతాను, కాగితం మీద కాదు.

ఆ కిటుకు నాదే. సిగ్గుపడుతున్నాను. ఆ మాట పిల్లకు చెప్పు, అత్త సిగ్గుపడుతోందని.

ఇప్పుడు నాకు తోచింది విను. సూది పడుతోంది, మోతాదు పెంచారు, అయినా చక్కెర తగ్గడం లేదు. పిల్ల తినలేదంటోంది. పిల్ల మాట నిజమనుకుని లెక్క వేసి చూడు. అంటే తప్పు మందులో ఉంది. ఎవడో కల్తీ చేస్తున్నాడు. టెండరు పాడినవాడు సగం నీళ్ళు కలిపి సీసాల్లో పోస్తున్నాడు, ఆస్పత్రివాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకుంటున్నారు. ఇలాంటివి మా పత్రికకు కొత్త కాదు. ఈ వారం సంచికలోనే రాస్తున్నాను. ఊరి పేరూ ఆస్పత్రి పేరూ వెయ్యను, కానీ చదివేవాడికి అర్థమవుతుంది.

మీ సీసాల్లో ఒకటి నా కోసం దాచిపెట్టు. పరీక్ష చేయిస్తాను. జాగ్రత్త, చల్లదనం తెగకూడదు.

శుక్రవారం పత్రిక అచ్చుకు వెళ్తుంది. శనివారం బండెక్కుతాను. ఈలోపు పిల్లను ఆ డాక్టరు దగ్గరికి కాదు, పెద్దాస్పత్రికి తీసుకెళ్ళు. ఆలోచించకు, తీసుకెళ్ళు.

అక్క


మే 30

అక్కా,

నువ్వు మే పన్నెండున రాసిన ఉత్తరం నువ్వు వెళ్ళిపోయాక వచ్చింది. విప్పి చదివాను. నువ్వు చెప్పకముందే పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాను. అయితే ఆలస్యంగా.

నువ్వు ఇక్కడున్న నాలుగు రోజులూ నీకొక సంగతి చెప్పలేదు. ఇంటి నిండా జనం, మధ్యలో నువ్వు నిలబడి కల్తీ మందులవాళ్ళను తిడుతున్నావు. అందరూ తలూపుతున్నారు. చెప్పే సందు దొరకలేదు. నిజం రాయాలంటే, ఆ తిట్లు ఇంకొంచెంసేపు వినాలనిపించింది. వాటిలో నేను లేను.

పెద్దాస్పత్రికి వెళ్ళేసరికి పిల్ల ఎగశ్వాస తీస్తోంది. పరుగెత్తినదానిలా. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. వంగి నోటి వాసన చూసింది. నేను సిగ్గుతో, "పండు తిన్నట్టుందమ్మా" అన్నాను.

"ఎవరు చెప్పారు? ఇది పండు కాదు. ఇన్సులిన్ అందకపోతే ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు ఇదే వాసన వస్తుంది. జబ్బు వాసన ఇది."

సెలైను పెడుతూనే అడిగింది, "సూది ఎన్నాళ్ళ నుంచి మానేశారు?"

"మానలేదమ్మా. మందు తెచ్చాను, చూడండి" అని మంచుపెట్టె తీశాను. పిల్లను ఎత్తుకుని పరుగెడుతూ కూడా అది మరిచిపోలేదు. ఆమె సీసాను వెలుతురులో పెట్టి చూసింది. గోడలకు తెల్లగా పొరలు అంటుకుని ఉన్నాయి. అవి ఎప్పటినుంచో ఉన్నాయి. మంచి మందు చిక్కగా ఉంటుందనుకున్నాను.

"ఇది ఎప్పుడైనా గడ్డకట్టిందా?"

నేను ఏమన్నానో తెలుసా అక్కా? "ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుందమ్మా. ఒక్కరోజు కూడా కరగనివ్వలేదు" అన్నాను. మెచ్చుకుంటుందనుకుని అన్నాను.

ఆమె సీసా బల్ల మీద పెట్టి మళ్ళీ పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. తర్వాత, పిల్ల మొహం మీద దుప్పటి కప్పేశాక, బయట బెంచీ మీద నా పక్కన కూర్చుని చెప్పింది. గడ్డకట్టిన ఇన్సులిన్ చచ్చిపోతుందట. కరిగించినా బతకదట. మిగిలిన కాస్త బలంతోనే పిల్లను ఇన్నాళ్ళు లాక్కొచ్చిందట. చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదట. ఫ్రిజ్ లేకపోతే నీళ్ళకుండ పక్కన పెట్టుకున్నా సరిపోయేదట.

నీళ్ళకుండ మా వంటింట్లోనే ఉంది.

కల్తీ చేసినవాడు ఎవడూ లేడు. పిల్ల పండు తినలేదు. చక్కెర తినలేదు. ఏమీ తినలేదు. తినలేదని చెప్పింది.

తమ్ముడు


జూన్ 9

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను.

తర్వాత నీ పాత ఉత్తరం తీసి చూశాను. ఐసుగది, డబ్బా, అరచేతులు. అన్నీ రాశావు. "మందు ఎక్కడ పెట్టావో నాకెందుకురా" అన్నాను నేను. ప్రపంచంలో ప్రతి యంత్రాన్నీ విప్పి చూడమని రాసే మనిషిని. దీని గురించి ఇంతకంటే ఏమీ రాయను. రాస్తే నా గురించి రాసుకున్నట్టుంటుంది.

కల్తీ అని అచ్చువేసింది తప్పని వచ్చే సంచికలో మొదటి పేజీలోనే వేస్తున్నాను. ఎడిటర్ లోపలి పేజీలో వేద్దామన్నాడు. కుదరదన్నాను.

కానీ నీతో ఒక వాదన మిగిలింది. నువ్వు దోషివి కాదు. ప్రతి నెలా "చల్లగా ఉంచండి" అని చెప్పిన నోరు, రెండో ముక్క ఎందుకు చెప్పలేదు? చెప్పమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సీసాతోపాటు ఇచ్చే కాగితంలో ఆ ముక్క ఉంది, నేను తెప్పించి చూశాను. మనకు రాని భాషలో, చీమతలకాయంత అక్షరాల్లో. అది మనకోసం అచ్చువేసింది కాదు, కోర్టుకోసం. మోతాదు రెండుసార్లు పెంచిన డాక్టరు ఒక్కసారి సీసా తెమ్మని అడగలేదు. పండు వాసన అంటే ఎర్ర సిరా తీశాడు. ఆ వాసన ఏమిటో నీకు తెలియకపోవడం తప్పు కాదు. అతనికి తెలియకపోవడమో, ఆలోచించే తీరిక లేకపోవడమో తప్పు. చేపను కాపాడే పద్ధతి తెలిసినవాడివి, ఆ పద్ధతితోనే కూతుర్ని కాపాడుకోబోయావు. దీన్ని నేరం అంటే ప్రేమకు శిక్ష ఎంతో కూడా రాసిపెట్టాలి.

ఇదంతా రాస్తాను. ఆస్పత్రి అధికారికి అర్జీ కూడా పెడదాం, మా యూనియన్లు సంతకాలు చేస్తాయి. డిమాండ్లు ఏం పెట్టాలో నువ్వూ మరదలూ చెప్పండి. నా మాటల్లో వద్దు. నేను రాస్తే ఉపన్యాసం అయిపోతుంది.

మరదలు ఎలా ఉంది? ఏమైనా తింటోందా?

అక్క


జూన్ 27

అక్కా,

మొదట నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. మీ మరదలు తీసుకుని చదివింది. "నువ్వు డబ్బాలో పెట్టానంటున్నావు. గుచ్చింది నేను కదా. రోజూ గుచ్చింది నేను" అంది. ఆ మాట అప్పటినుంచి ఎన్నిసార్లు అందో. తరువాత, "రాయి, అడిగింది కదా" అంది. మిషన్ ముందు కూర్చుంటుంది గానీ తొక్కడం లేదు.

నేను పనికి వెళ్తున్నాను. మైనస్ గదిలోకి మాత్రం వేరేవాళ్ళను పంపుతున్నాను.

నువ్వు దోషివి కాదని ఒక పేజీ రాశావు. బాగా రాశావు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. కానీ ఆ చెంపదెబ్బ గురించి ఏమీ రాయలేదు. మందు గడ్డకట్టకూడదని నాకు ఎవరూ చెప్పలేదు, నిజమే. తినలేదని మాత్రం పిల్ల చెప్పింది. చాలాసార్లు చెప్పింది.

డిమాండ్లు కింద రాశాం. తీసివేతలు చేయకు, కలపకు.

తమ్ముడు

1. మందు ఇచ్చే కిటికీలో మనిషి నోరు తెరిచి రెండు ముక్కలూ చెప్పాలి. చల్లగా ఉంచండి. గడ్డకట్టనివ్వకండి. మొదటిది ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు.

2. ఆ కాగితం మా భాషలో, మీ మరదలు అద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.

3. ఇంట్లో ఫ్రిజ్ ఉందా, కరెంటు ఉంటుందా, మందు ఎక్కడ పెడుతున్నారు అని ప్రతిసారీ అడగాలి. జవాబు పూర్తిగా వినాలి.

4. చక్కెర పెరిగితే ముందు సీసా చూడాలి. పిల్లను ఆ తర్వాత చూడాలి.

5. ఆ నోటి వాసన ఏమిటో ప్రతి తల్లికీ తండ్రికీ జబ్బు బయటపడిన మొదటి రోజే చెప్పాలి.

6. బడిలో ఇలాంటి పిల్లను విడిగా కూర్చోబెట్టకూడదు.

7. పత్రికలో నన్ను నిర్దోషి అని రాయకూడదు. ఇది నీకు.

8. మా అమ్మాయి కార్డు మీద "దొంగచాటుగా తింటోంది" అన్న మాటను ఆ డాక్టరు తన చేత్తో కొట్టివేయాలి. దాని కింద "తినలేదు" అని రాయాలి. రాసి సంతకం పెట్టాలి.